తుడిస్తే ముదురుతుంది.. దులిపితే వదులుతుంది!

తివాచీలపై పుప్పొడి మరకకు తడిగుడ్డే అసలు శత్రువు

(మా గ్రామీణ విలేఖరి)

ఏలూరు: శుభకార్యం జరిగే ఇంట్లో తివాచీ మీద చిటికెడు పుప్పొడి రాలితే చూసినవారెవరైనా చేసే మొదటి పని ఒక్కటే. గుడ్డ తడిపి తెచ్చి గట్టిగా తుడవడం. ఆ పని చేయకుండా ఉంటే మరక చాలావరకు పొడిగానే లేచిపోతుంది. చేస్తే మాత్రం ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటుంది. మురికి ఏదైనా నీళ్లతో పోతుందన్న మన నమ్మకం పుప్పొడి దగ్గర పనిచేయదు.

ఈ సంగతి ఈ విలేఖరి పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు. సొంత ఇంట్లో అనుభవమైంది. రెండేళ్ల కిందట మా అక్కయ్య కూతురి నిశ్చయ తాంబూలాలు మా ఇంట్లోనే జరిగాయి. వచ్చేవారిని కూర్చోబెట్టడానికి మా దగ్గర జంపఖానాలు ఉన్నాయి గానీ మగపెళ్లివారి పెద్దలకు వేయదగ్గ తివాచీ లేదు. పక్క వీధిలో వరసకు పిన్ని అయ్యే ఆవిడ దగ్గర ఉంటే అడిగి తెచ్చాం. ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు తండ్రి ఏలూరులో కొనిచ్చిన ఉన్ని తివాచీ అది. ఎర్రటి నేల, నీలం లతలు. ఊళ్లో ఎన్నో శుభకార్యాలకు వెళ్లి వచ్చింది. ఒక్క మచ్చ పడలేదు.

మగపెళ్లివారు పట్నం నుంచి పెద్ద పూలగుత్తి తెచ్చారు. అందులో నారింజరంగు లిల్లీ పూలు. దాన్ని తివాచీ అంచున నిలబెట్టారు. పిల్లల ఆటలో అది కాస్తా పక్కకు ఒరిగింది. అరచేయంత మేర ఇటుకరంగు పొడి రాలింది. చుట్టాల ముందు బాగుండదని మా వదిన తడి తువాలు తెచ్చి తుడిచింది. అరచేయంత మరక కంచమంత అయింది. ఇంకొకరు సబ్బుపొడి చల్లి రుద్దారు. మరక అడుగుకు దిగింది. బ్లీచింగ్ పౌడరు వేస్తే పోతుందని మరొకరు సలహా ఇచ్చారు. అదృష్టం, ఆ రోజు అది ఇంట్లో లేదు.

మర్నాడు తివాచీ చుట్టి పట్టుకెళితే పిన్ని విప్పి చూసింది. ‘‘తెలిసి చేశారా ఏమిటి బాబూ, అక్కడ పెట్టు’’ అంది. అంతే. మొహం మాత్రం చూడలేదు. నాలుగు మాటలు అన్నా బాగుండేదనిపించింది.

ఆ తర్వాత ఏలూరు వెళ్లి, తివాచీలు నేసి ముసలితనంలో మరమ్మతులు చేసుకుంటున్న ఓ పెద్దాయనను కలిసి అడిగితే అసలు సంగతి తెలిసింది. ఆయన చెప్పినదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ, ఇంట్లో చేసి చూసినదీ కలిపి పాఠకుల ముందు ఉంచుతున్నాం.

తేనెటీగకు అంటినట్టే..

పూల మధ్యలో సన్నని కాడల చివర తిత్తులు ఉంటాయి. అవి పండి పగిలితే వచ్చే పొడే పుప్పొడి. ఇందులో రెండు రకాలు. మొక్కజొన్న వంటి పైర్ల పుప్పొడి గాలికి ఎగిరి వెళ్లాలి. అందుకే పొడిపొడిగా ఉంటుంది, బట్టలమీద పడ్డా దులిపితే పోతుంది. రెండోది తేనెటీగలు, సీతాకోకచిలుకలు మోసుకెళ్లే పుప్పొడి. ఈగ ఒంటికి పట్టుకుని ఉండటానికి ఈ రేణువుల పైన నూనెలాంటి జిగురు పూత ఉంటుంది. తేనెటీగ ఒంటి నూగుకు అంటేది మన తివాచీ నూగుకు అంటదా? మరక పెట్టేది ఈ రకమే.

దీని పసుపు, నారింజ రంగులు చాలావరకు క్యారెట్టులో ఉండే జాతికి చెందినవే. ఆ రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. క్యారెట్టు కూర వండినప్పుడు నూనె పచ్చబడటం ఇల్లాళ్లందరికీ తెలిసిందే. అందుకే పుప్పొడి మీద నీళ్లు పోస్తే రంగు కరిగి పోదు. రేణువు మాత్రం తడికి మెత్తబడి దారాల మధ్యకు జారుతుంది. పైన రుద్దితే పైపూత దారానికి పులుముకుంటుంది. పైన దుమ్ములా నిలిచి ఉన్నది రంగు అద్దకంగా మారిపోతుంది. చేత్తో తుడిచినా ఇంతే. చేతికి ఉండే చెమట, జిడ్డు చాలు.

రేణువు పైతొడుగు కూడా సామాన్యమైనది కాదు. లక్షల ఏళ్ల నాటి మట్టిపొరల్లో కూడా పుప్పొడి చెడకుండా దొరుకుతుంది. అలాంటిదాన్ని సబ్బు పెట్టి కరిగించడం జరిగే పని కాదు. ఎత్తి తీసెయ్యడమే మార్గం.

ఏ పువ్వుతో ఎంత ప్రమాదం?

మన దండల్లో కట్టే లిల్లీ, అంటే నేలసంపెంగ, దీనికి భయపడనక్కర లేదు. దాని పుప్పొడి తిత్తులు పూగొట్టం లోపలే ఉంటాయి. పట్నం పూలగుత్తుల్లో వచ్చే పెద్ద లిల్లీ వేరు. దాని తిత్తులు పువ్వు బయటకు వేలాడుతుంటాయి, తగిలితే చాలు రాలుతాయి. మరకల్లోకెల్లా మొండిది అదే.

సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టే గుమ్మడి పువ్వు తక్కువది కాదు. పుప్పొడి రేణువుల్లో గుమ్మడివి పెద్దవి, తలవెంట్రుక మందాన్ని మించి ఉంటాయి. పైన సన్నని ముళ్లు, జిగురు. వాకిట్లో గొబ్బెమ్మలు పెట్టిన ఆడపిల్లలు అదే చేతులతో లోపలికి వచ్చి తివాచీ మీద కూర్చుంటే మరక పడినట్టే. మందార పుప్పొడికీ ఇలాంటి ముళ్లే ఉంటాయి.

బంతిపూలది ఇంకో తీరు. అందులో పుప్పొడి కంటే రేకల రంగే ఎక్కువ అంటుతుంది. పందిట్లో దండ తెగి రాలిన రేకలను పదిమంది తొక్కితే ఆ రసం తివాచీలోకి దిగుతుంది. కడియపులంక పూలబజారు నుంచి బస్తాల కొద్దీ బంతి వచ్చే పెళ్లిళ్ల రోజుల్లో ఎక్కువగా చూసేది ఈ మరకే. రంగు జాతి ఒకటే కాబట్టి వైద్యం కూడా దాదాపు ఒకటే. అయితే రసం ఇంకిపోయి ఉంటుంది గనుక దులిపితే సరిపోదు. రేకలు ఏరేసి, కింద చెప్పిన మూడో పని నుంచి మొదలు పెట్టాలి.

పసుపా? పుప్పొడా?

పెళ్లిలో పచ్చమరక అంతా పుప్పొడి కానక్కర లేదు. అక్షింతల పసుపు కూడా కావచ్చు. తేల్చుకోవడానికి మన ఇళ్లలో తెలిసిన ఉపాయమే ఉంది. మరక మీది పొడి కాస్త తెల్లకాగితం మీదకు దులిపి, తాంబూలంలో వాడే సున్నం తడిచేసి అంటించాలి. పసుపైతే పారాణిలా ఎర్రబడుతుంది. పుప్పొడి ఎర్రబడదు. ఈ పరీక్ష కాగితం మీదే చేయాలి గానీ తివాచీ మీద చేయకూడదు. సున్నం ఉన్నికి మంచిది కాదు.

పసుపు మరకను బట్టల సబ్బుతో రుద్దితే ఎర్రగా మారడం అందరూ చూసిందే. దాన్ని చూసి కంగారు పడనక్కర లేదు. సబ్బు పూర్తిగా పోతే మళ్లీ పచ్చబడుతుంది, ఎండకు వెలిసిపోతుంది.

ముందు తివాచీ జాతి చూడాలి

మరకకు మందు వేసే ముందు పరిచినది ఏమిటో తెలియాలి. ఏలూరు తివాచీ ఉన్నిది. పర్షియా నుంచి వచ్చిన కుటుంబాలు నవాబుల కాలంలో ఈ విద్యను ఇక్కడికి తెచ్చాయని చెబుతారు. మగ్గం మీద నిలువుగా బిగించిన పడుగు దారాలకు ఒక్కో ఉన్ని ముడి చేత్తో వేసి, వరుస పూర్తయ్యాక దువ్వెనలాంటి పనిముట్టుతో కిందికి కొట్టి, పైకి మిగిలిన ఉన్నిని కత్తెరతో సమంగా కత్తిరిస్తారు. ఆ కత్తిరించిన ఉన్నే మన కాలికి మెత్తగా తగిలే నూగు. పుప్పొడి దాక్కునేది అందులోనే. యంత్రాల మీద నేసిన చవక రకాలు వచ్చాక ముడి వేసే చేతులు తగ్గిపోయాయి. పాడుచేసుకుంటే అలాంటిది మళ్లీ దొరకడం కష్టం.

2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా వంటివి నూలువి. వీటికి నూగు ఉండదు, ఉతుక్కోవచ్చు. బజారులో దొరికే యంత్రపు తివాచీలు చాలావరకు ప్లాస్టిక్ జాతి దారంతో చేసినవి. వీటికి తడి భయం తక్కువ, వేడి భయం ఎక్కువ.

తేడా తెలియకపోతే అంచు నుంచి ఒక పోగు లాగి, ఆరుబయట పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడవచ్చు. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. నూలు కాగితంలా కాలుతుంది. ప్లాస్టిక్ దారం కరిగి ముద్దవుతుంది.

వరుసగా చేయవలసినవి

మొదటిది, ముట్టుకోకపోవడం. మరక చుట్టూ నాలుగు పీటలు పెట్టి ఎవరూ తొక్కకుండా చూడాలి. పూలను తీసేటప్పుడు పైకెత్తి తీయాలి గానీ ఈడ్చకూడదు. తడిగా ఉంటే పూర్తిగా ఆరనివ్వాలి. పూట ఆలస్యమైనా నష్టం లేదు. తొందరే నష్టం.

రెండోది, దులపడం. చిన్న తివాచీ అయితే ఇద్దరు చెరోవైపు పట్టి ఆరుబయటకు తీసుకెళ్లి, నూగు వైపు కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని, వెనుక నుంచి అరచేత్తో తట్టాలి. పెద్దదైతే బలమైన దండెం మీద వేసి వెనుక వైపు సన్నని బెత్తంతో మెల్లగా కొట్టాలి. నూగు వైపు కొట్టకూడదు, పొడి లోపలికి పోతుంది. చీపురు వాడకూడదు. దుమ్ము లాగే యంత్రం ఉన్నవారు దాని మూతిని మరకకు తాకీ తాకనట్టు పైన పట్టుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండటం మేలు. చేసేవారు కూడా ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

మూడోది, టేపు. అట్టపెట్టెలకు అంటించే టేపు ముక్కను జిగురు వైపు మరక మీద అద్ది నిటారుగా పైకి లాగాలి. ఒకసారి వాడిన చోటు మళ్లీ వాడకూడదు. కొత్త ముక్కలు మారుస్తూ, టేపుకు రంగు అంటడం ఆగే దాకా ఓపికగా చేయాలి. నీళ్లు తగలని మరక సాధారణంగా ఇక్కడితోనే చాలావరకు పోతుంది. మా ఇంట్లో మేము పోగొట్టుకున్న అవకాశం ఇదే.

నాలుగోది, స్పిరిట్. ఇంకా రంగు మిగిలితే మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్ తెచ్చుకోవాలి. పుప్పొడి రంగు నీటికి లొంగదు గానీ దీనికి కొంత లొంగుతుంది. ముందుగా తివాచీ మూల వెనుక ఒక చుక్క వేసి తెల్లగుడ్డతో అద్ది చూడాలి. గుడ్డకు తివాచీ రంగు అంటితే అక్కడితో ఆపేయాలి. అంటకపోతే తెల్లని నూలు గుడ్డకు కాస్త స్పిరిట్ అద్దుకుని, మరక అంచు నుంచి మధ్యకు అద్దుతూ రావాలి. మధ్య నుంచి బయటికి పోతే మరక పెరుగుతుంది. గుడ్డ మడత మారుస్తూ ఉండాలి. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. దగ్గర్లో దీపం, పొయ్యి, అగరుబత్తి, బీడీ ఉండకూడదు. కిటికీలు తెరిచి, పిల్లలను దూరంగా ఉంచి చేయాలి.

అయిదోది, పలుచని సబ్బునీరు. నీళ్లు మన చివరి పని కావాలి గానీ మొదటి పని కాకూడదు. లీటరు చల్లని నీళ్లలో ఒక చెంచా తలంటు షాంపూ కలిపి, నురుగులో గుడ్డ ముంచి గట్టిగా పిండి మరకపై అద్దాలి. ఉన్ని కూడా గొర్రె వెంట్రుకే కాబట్టి తలకు పనికివచ్చేది దానికీ పనికివస్తుంది. కుంకుడు రసం మంచిదే గానీ తెల్లని ఉన్నికి దాని రంగు పట్టవచ్చు. తర్వాత మంచినీళ్లలో పిండిన గుడ్డతో అద్ది, పొడి తువాలు పరిచి పైన నిలబడి తడిని పీల్చనివ్వాలి.

ఆరోది, ఎండ. పుప్పొడి రంగుకు సూర్యుడంటే పడదు. నూలు జంపఖానా అయితే చల్లని నీళ్లలో ఉతికి రెండు మూడు రోజులు ఎండలో వేయవచ్చు. మిగిలిన పసుపు ఛాయ వెలిసిపోతుంది. రంగుల ఉన్ని తివాచీని మాత్రం మరక చోటు ఎండకు తగిలేలా కొద్ది గంటలు ఉంచి తీసేయాలి. రోజుల తరబడి వేస్తే మరకతోపాటు తివాచీ రంగు కూడా పోతుంది. ఏ రకమైనా అడుగుదాకా ఆరాకే చుట్టాలి. తడి మిగిలితే బూజు పడుతుంది.

ఈ తప్పులు చేయవద్దు

ఉన్ని మీద బ్లీచింగ్ పౌడరు వేయరాదు. అది మరకను కాదు, ఉన్నినే తినేస్తుంది. గాఢంగా కలిపిన నీళ్లలో వేస్తే ఉన్ని పోగు కరిగిపోతుంది. చాకలి సోడా కూడా ఉన్నిని బిరుసు చేస్తుంది. వేడినీళ్లు పోసి రుద్దితే ఉన్ని అట్టకట్టి గడ్డలు కడుతుంది. కిరోసిన్ వేస్తే వాసన, జిడ్డు మిగలడమే కాక నిప్పు భయం. గోళ్లరంగు తీసే మందు కొన్ని రకాల కృత్రిమ దారాలను కరిగిస్తుంది. రంగు కలిపిన శానిటైజర్లు వాడితే పాత మరకకు కొత్త మరక తోడవుతుంది.

అసలు పడకుండా..

పట్నం లిల్లీ గుత్తి ఇంటికి రాగానే విచ్చిన పువ్వుల్లోని పుప్పొడి తిత్తులను కాగితం ముక్కతో పట్టుకుని తుంచేయవచ్చు. తిత్తి పగలకముందే తీస్తే చేతికి కూడా అంటదు, పువ్వుకు అందం తగ్గదు. పందిరి అలంకరణ అంతా పూర్తయి, రాలినవి ఊడ్చాకే తివాచీ పరవాలి. మన దగ్గర చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతోంది. ముందు తివాచీ వేసి, దానిమీద నిలబడి దండలు కడుతున్నారు. పూలబుట్ట, పూలగుత్తి పెట్టేచోట ఒక పాత చీర మడత వేస్తే చాలు.

షామియానా సామాను అద్దెకిచ్చేవారూ ఈ సంగతి తమ పనివాళ్లకు చెప్పి ఉంచితే మంచిది. తివాచీ మీద మరక కనిపిస్తే అద్దెకు తీసుకున్నవారు మాది కాదంటారు, యజమాని అడ్వాన్సులో తగ్గిస్తాడు, మధ్యలో మాటపడేది తివాచీ చుట్టి బండి ఎక్కించే కుర్రవాడు. ఒక టేపు చుట్ట సంచిలో ఉంటే ఈ గొడవలు సగం తగ్గుతాయి.

తివాచీ తిరిగి వెళ్లింది

మళ్లీ పిన్ని తివాచీ సంగతి. పెద్దాయన చెప్పిన పద్ధతిలో టేపు, స్పిరిట్, నురుగు అన్నీ అయ్యాక మరక కంచమంత నుంచి నీడంత అయింది. పూర్తిగా పోలేదు. తడిపి రుద్దిన చోట అడుగున దిగిన రంగును ఎవరూ తీయలేరని ఆయన ముందే చెప్పారు. ఆ నీడ మంచం కిందికి వచ్చేలా పిన్ని దాన్ని పరుచుకుంది. ఆ తర్వాత ఏడాది దాకా మా వీధిలో ఎవరూ ఆవిడను తివాచీ అడగలేదు. అడిగే ముఖం లేదు.

నిరుడు పక్కింటి వారి పెళ్లికి ఆవిడే పిలిచి ఇచ్చింది. ఆ పెళ్లిలోనూ పూలగుత్తి ఒరిగింది. ఈసారి అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది మా వదినే. రెండు చేతులూ చాచి ‘‘ఎవరూ ముట్టుకోకండి, నీళ్లు తేకండి’’ అని అరిచి, చుట్టూ పీటలు వేసి కాపలా కూర్చుంది. చుట్టాలు నవ్వుకున్నారు. మర్నాడు పొద్దున ఇద్దరం దాన్ని దులిపి, అరచుట్ట టేపు ఖర్చుపెట్టి, తివాచీ తిరిగి ఇచ్చి వచ్చాం.

పిన్ని విప్పి, వెలుతురులోకి లాగి, వేలితో తడిమి చూసింది. పాత నీడ తప్ప కొత్తది ఏమీ లేదు. ‘‘మరక పడిందన్నారు, ఏదీ?’’ అంది. ఈసారి మొహం చూసే అంది.

ఊళ్లో ఒకరి వస్తువు ఇంకొకరి శుభకార్యానికి వెళ్లడం మన పల్లెల్లో ఇంకా మిగిలిన మంచి అలవాటు. ఓ తడిగుడ్డ దాన్ని చెడగొట్టకుండా చూసుకోవడం మన చేతుల్లోనే ఉంది.